లిథియం ప్యాక్ మధ్యలో ఆగిపోతోందా? సెల్లు మార్చే ముందు చూడాల్సినవి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఈ-రిక్షాల్లో లెడ్ యాసిడ్ బ్యాటరీలు తీసేసి లిథియం ప్యాక్‌లు వేయించుకుంటున్నారు. కొండ ఊళ్లలో సోలార్ దీపాలకూ, చిన్న పిండిమరలకూ అవే వాడుతున్నారు. ప్యాక్ మొరాయించగానే షాపులో వినిపించే మొదటి మాట ‘సెల్లు పోయింది’. ఆ ఒక్క మాటతో వేలకు వేలు చేతులు మారతాయి. నేను చెప్పేది ఒక్కటే: మల్టీమీటరు పెట్టి కొలవకుండా సెల్లు మార్చొద్దు. చాలాసార్లు తప్పు సెల్లులో ఉండదు. సెల్లుకూ సెల్లుకూ మధ్య అతుకులోనో, ఛార్జర్‌లోనో, ఆ పనికి ఆ సెల్లును ఎంచుకోవడంలోనో ఉంటుంది.

ఇక్కడ లెక్కలన్నీ 16 సెల్లులు వరసగా కలిపిన, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్‌కు చెబుతున్నాను. ఈ రకం సెల్లుకు మామూలు వోల్టేజీ 3.2, నిండితే 3.65, ఖాళీ అయితే 2.5 వోల్టులు. ప్యాక్ మొత్తం మీద 51.2 వోల్టులు, నిండితే 58.4. పని మొదలుపెట్టే ముందు ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి.

లక్షణం: ఛార్జింగ్ నిండినట్టు చూపిస్తుంది, సగం దారిలో ఆగిపోతుంది

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ‘నిండా ఎక్కించాను బాబూ, మజ్జిగౌరమ్మ గుడికి రెండు ట్రిప్పులేసేసరికి ఆగిపోనాది’ అంటాడు డ్రైవరు. ఆపింది బీఎంఎస్, అంటే ప్యాక్ లోపల సెల్లులను కాపలా కాసే సర్క్యూటు బోర్డు. 16 సెల్లుల్లో ఏ ఒక్కటి 2.5 కిందికి దిగినా అది మొత్తం ప్యాక్‌ను ఆపేస్తుంది. అలాగే ఏ ఒక్కటి 3.65 దాటినా ఛార్జింగ్ ఆపేస్తుంది. ‘నిండింది’ అని చూపించినప్పుడు నిజంగా నిండింది ఒక్క సెల్లే కావచ్చు.

ప్యాక్ సగం ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు సెల్లులు కొలిచి ‘అన్నీ 3.3 ఉన్నాయి, బాగానే ఉంది’ అనుకోవద్దు. ఈ రసాయనానికి మధ్యలో వోల్టేజీ దాదాపు కదలదు. 30 శాతం నిండిన సెల్లుకూ 80 శాతం నిండిన సెల్లుకూ తేడా కొన్ని పదుల మిల్లీవోల్టులే. అసలు రంగు పై చివర, కింది చివర మాత్రమే బయటపడుతుంది. అందుకే రెండుసార్లు కొలవాలి. మొదట ఛార్జింగ్ ఆగే ముందు ఒక్కో సెల్లు ఎంత ఉందో రాసుకోండి. తరవాత బండి నడిపి, ఆగిపోయే ముందు మళ్లీ రాసుకోండి. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే సమాధానం కనిపిస్తుంది.

పైన అందరికంటే ముందు 3.65 చేరిన సెల్లే కింద కూడా అందరికంటే ముందు 2.5కు పడిపోతే, ఆ సెల్లు సామర్థ్యం తగ్గింది. త్వరగా నిండి త్వరగా ఖాళీ అవుతోంది. తరవాతి లక్షణంలో చెప్పినట్టు అతుకు బాగుందని చూసుకున్నాక దాన్ని మార్చాల్సిందే. పైన వెనకబడిన సెల్లు, అంటే మిగతావి నిండినా 3.35 దగ్గరే ఉండిపోయినది, కింద ముందుగా పడిపోతే మాత్రం ఆ సెల్లు ఆరోగ్యంగానే ఉంది. వరసలో మిగతావాటికంటే తక్కువ ఛార్జితో నడుస్తోంది, అంతే. మార్చనక్కర్లేదు, నింపితే చాలు.

బీఎంఎస్ బ్యాలెన్సింగ్ (సెల్లుల ఛార్జిని సమానం చేయడం) దానంతట అదే సరిచేస్తుంది కదా అంటారు. లెక్క వేయండి. చిన్న ప్యాక్‌లలో వచ్చే బీఎంఎస్ సాధారణంగా 50 మిల్లీఆంపియర్ల దరిదాపుల్లో ఎక్కువ ఉన్న సెల్లులను కరిగిస్తుంది. ఒక సెల్లు 5 ఆంపియర్-అవర్లు వెనకబడిందనుకుంటే మిగతావాటిని అంత కరిగించడానికి 100 గంటలు కావాలి. అది కూడా ఛార్జింగ్ పై చివర ఉన్నప్పుడే జరుగుతుంది. ఛార్జర్ పెట్టి పావుగంటకు తీసేసే బండికి అది ఎప్పటికీ అందదు. 3.65 వోల్టులకు సెట్ చేసిన బెంచ్ సప్లై (వోల్టేజీ మార్చుకోగల పవర్ సప్లై)తో వెనకబడిన ఆ ఒక్క సెల్లునే విడిగా నింపండి. వోల్టేజీ సెట్ చేశాకే తీగలు తగిలించాలి, ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోవాలి. తరవాత ప్యాక్‌ను ఒక రాత్రంతా ఛార్జర్ మీద వదిలితే మిగిలిన చిన్న తేడాను బీఎంఎస్ సర్దుకుంటుంది.

ఛార్జర్ కూడా చూడండి. లిథియం వేసినా పాత లెడ్ యాసిడ్ ఛార్జరే వాడే బళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ప్యాక్‌లో 15 సెల్లులే ఉంటే అది 54.75 దగ్గర నిండాలి. 48 వోల్టుల లెడ్ యాసిడ్ ఛార్జర్ 57 పైకి తోస్తుంది. బీఎంఎస్ రోజూ దెబ్బ కాచుకుంటూ కూర్చుంటుంది. సెల్లుల లెక్కకు సరిపోయే ఛార్జర్ పెట్టడమే మందు.

లక్షణం: సాపు రోడ్డు మీద బాగుంది, ఘాటీ ఎక్కుతుంటే ఆగిపోతుంది

ఘాటీ ఎక్కేటప్పుడు కరెంటు పెరుగుతుంది. 50 ఆంపియర్లు పారుతున్నాయనుకుందాం. ఏదో ఒక అతుకులో 2 మిల్లీఓమ్‌ల అడ్డు ఉంటే అక్కడే 100 మిల్లీవోల్టులు పోతాయి, 5 వాట్ల వేడి పుడుతుంది. ఒక్కో సెల్లు వోల్టేజీని చూసే బీఎంఎస్ సెన్స్ తీగలు సాధారణంగా బస్‌బార్ (సెల్లుకూ సెల్లుకూ కలిపే లోహపు పట్టీ) మీదే బిగించి ఉంటాయి కాబట్టి ఆ పోయిన 100 మిల్లీవోల్టులు సెల్లు లోపమన్నట్టే దానికి కనిపిస్తాయి.

గుర్తుపట్టే తీరు ఇది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ సెల్లు అందరితో సమానంగా ఉంటుంది. లోడు పడితే అందరికంటే కింద, ఛార్జింగ్‌లో అందరికంటే పైన చూపిస్తుంది. సెల్లు అంతర్నిరోధం పెరిగినా సరిగ్గా ఇలాగే ఉంటుంది. రెంటినీ విడదీయడానికి లోడు మీద మీటరు మొనలను సెల్లు పోల్ (ప్లస్, మైనస్ కొస) లోహం మీదే ఆనించి కొలవండి, నట్టు మీదా వద్దు, బస్‌బార్ మీదా వద్దు. తరవాత ఒక మొనను పోల్ మీద, రెండోదాన్ని బస్‌బార్ మీద పెట్టండి. ఇక్కడ పదుల మిల్లీవోల్టులు కనిపిస్తే దొంగ అతుకే, సెల్లు కాదు. పోల్ మీద కొలిచినా సెల్లు కుంగిపోతుంటే అప్పుడు సెల్లును అనుమానించండి.

ఈ సెల్లుల పోల్‌లు చాలావరకు అల్యూమినియంవి. గాలి తగిలిన క్షణం నుంచే దాని మీద ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొరలో కరెంటు పారదు. బరంపురం, గోపాలపురం వైపు ఉప్పుగాలికి రాగి బస్‌బార్, అల్యూమినియం పోల్ కలిసిన చోట తినేయడం మరీ త్వరగా మొదలవుతుంది. నట్టు విప్పి, సన్నటి గీరుడు కాగితంతో రెండు ముఖాలూ మెరిసేదాకా తోమి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వెంటనే బిగించాలి. తోమి టీ తాగడానికి వెళ్లొస్తే తోమినట్టు కాదు. నికెల్ పూత ఉన్న బస్‌బార్ వాడండి. బస్‌బార్ నేరుగా పోల్ మీద కూర్చోవాలి, సెన్స్ తీగ లగ్గు (తీగ చివరి రింగు) దాని పైన రావాలి. చాలా ప్యాక్‌లలో వాషరూ లగ్గూ బస్‌బార్ కిందకు వెళ్లిపోయి ఉంటాయి. ఎంత బిగువు బిగించాలో సెల్లు డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల కాగితం) ఉంటుంది, టార్క్ రెంచితో అంతే బిగించండి. చెయ్యి బలం చూపిస్తే అల్యూమినియం మరలు లేచిపోతాయి.

చిన్న గుండ్రటి సెల్లుల ప్యాక్ అయితే నికెల్ పట్టీ చూడండి. నికెల్ పూసిన ఇనుప పట్టీని నికెల్ పేరుతో అమ్ముతారు. బ్లేడుతో గీకి, ఉప్పునీళ్లలో ఒక రాత్రి ఉంచితే ఇనుముది తుప్పు చూపిస్తుంది. దాని అడ్డు అసలు నికెల్ కంటే ఎక్కువ, వెల్డు చుట్టూ ప్లాస్టిక్ నల్లబడటానికి అదే కారణమవుతుంది.

లక్షణం: అతుకులు బాగున్నాయి, సెల్లులు కొత్తవి, అయినా మోటారు స్టార్టింగ్‌కే ట్రిప్ అవుతుంది

ఇది సెల్లు డిజైన్‌కు సంబంధించిన విషయం, షాపుల్లో ఎవరూ చెప్పరు. లోపల రేకు మీద పదార్థం పూత మందంగా వేస్తే అదే సైజులో ఎక్కువ ఛార్జి పడుతుంది, కానీ అయాన్లు ఆ మందం దాటి రావడానికి సమయం పడుతుంది. పూత పలచగా వేస్తే ఛార్జి తక్కువ, కరెంటు మాత్రం గబగబా వస్తుంది. మొదటిది దీపానికీ ఫ్యానుకూ, రెండోది మోటారుకు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను 1997లో శాస్త్రవేత్త జాన్ గుడెనఫ్ బృందం వెలుగులోకి తెచ్చినప్పుడు దానిలో పెద్ద ఇబ్బంది కరెంటు సరిగా పారకపోవడమే. రేణువులను సన్నగా చేసి కార్బన్ పూత పూశాకే అది బళ్లకు పనికొచ్చింది. సెల్లును ఎలా తయారుచేశారన్నది అంత ముఖ్యం.

ఇన్వర్టర్ ద్వారా పిండిమర ఇండక్షన్ మోటారును నేరుగా స్టార్ట్ చేస్తే మొదటి క్షణాల్లో మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. సోలార్ నిల్వకు చేసిన సెల్లులు ఆ దెబ్బకు కుంగిపోతాయి. మోటారును మెల్లగా మొదలుపెట్టించే సాఫ్ట్ స్టార్టర్ పెట్టండి, లేదా వరసకు సమాంతరంగా మరో వరస కలపండి. కొనేటప్పుడు ఆంపియర్-అవర్ల అంకె ఒక్కటే కాదు, నిరంతరం ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో కూడా అడగండి. సంతల్లో దొరికే దీపాల 18650 సైజు గుండ్రటి సెల్లు మీద 9900 అని రాసి ఉంటే కొనకుండా వచ్చేయండి. ఆ సైజులో మంచి సెల్లులకే 3500 చిల్లర మిల్లీఆంపియర్-అవర్లు.

లక్షణం: సెల్లు ఉబ్బింది

పెద్ద పలకల్లాంటి సెల్లులు నిండేటప్పుడు కొద్దిగా లావెక్కి, ఖాళీ అయ్యేటప్పుడు తగ్గుతాయి. అందుకే రెండు చివర్లా గట్టి పలకలు పెట్టి, డేటాషీట్ చెప్పినంత ఒత్తిడితో కట్టాలి. గ్యాసు పట్టి ఉబ్బితే ఆ ఉబ్బు తగ్గదు. అతిగా ఛార్జి చేయడం, ఎండలో కాగడం, పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి వదిలేయడం దీనికి కారణాలు. వోల్టేజీ సున్నా దరిదాపులకు పడిపోతే లోపలి రాగి రేకు కరుగుతుంది. తిరిగి ఛార్జి చేసినప్పుడు ఆ రాగి పేరుకుని లోపలే షార్టు కావచ్చు. అలాంటి సెల్లును బతికించే ప్రయత్నం చేయొద్దు. ఉబ్బినదాన్ని క్లాంపుతో నొక్కి సరిచేయడం, సూదితో పొడవడం ప్రాణాంతకం.

లక్షణం: చలికాలం పొద్దున్నే ఛార్జింగ్ ఎక్కదు

కొరాపుట్, సిమిలిగుడ మీద డిసెంబరు తెల్లవారుజామున చలి 10 డిగ్రీల కిందికి దిగుతుంది. ఛార్జింగ్ నెమ్మదించడం లోపం కాదు. సున్నా కింద ఛార్జి చేస్తే లిథియం లోహంగా పేరుకుంటుంది కాబట్టి మంచి బీఎంఎస్ ముందే ఆపుతుంది. ఎండ ఎక్కాక పెట్టండి. సెన్సర్ తీగ తీసేసి బీఎంఎస్‌ను మోసగించే పని మాత్రం చేయొద్దు.

తీసేసిన సెల్లులను ఇనుప సామాన్ల వాడికి తూకానికి వేయకండి. పోల్‌లకు టేపు వేసి, పొడి ఇసుక బకెట్‌లో ఇంటి బయట ఉంచి, అమ్మిన డీలరుకే తిరిగి ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది.