ప్లాస్టిక్ లేని పండగ – 2వ పాఠం: దసరా తోరణానికి కసిం నలుపు, కరక్కాయ గుడ్డ

మొదటి పాఠంలో మట్టి వినాయకుణ్ణి చేశాం. చవితి పూజ అయిన సాయంత్రమే ఈ పాఠం మొదలుపెట్టండి. కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు చవితితో మొదలై 21 రోజులు సాగుతాయి. ఈరోజు జాడీలో వేసిన ఇనుము నలుపు వేసే సిరాగా మారడానికీ దాదాపు అన్ని రోజులే పడుతుంది. ఉత్సవాలు ముగిసేసరికి సిరా చేతికొస్తే, దసరాకి ఇంకా రెండు వారాలు మిగులుతాయి. తళుకు కాగితాల తోరణం కొనే పని లేకుండా పిల్లలే గుడ్డ మీద బొమ్మలు వేయడానికి ఆ సమయం చాలు.

ఇది శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతే, పిల్లల చేతికి అందేలా కొలతలు తగ్గించాం. అక్కడి కళాకారులు నలుపు వేసే ఈ ద్రవాన్ని కసిం అంటారు.

సిరా ముందు, గుడ్డ తర్వాత. గుడ్డతో మొదలుపెడితే సిరా తయారయ్యేలోపు దానికి పట్టించిన పాలు కమురు వాసన కొడతాయి.

పాత ఊరగాయ జాడీ, రెండు లీటర్లది, తీసుకోండి. అందులో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు 250 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, నీళ్లు ఒక లీటరు వేయాలి. పాత మేకులు, విరిగిన కొడవలి ముక్క, గుర్రపు నాడా, ఏదైనా పనికొస్తుంది. తెల్లగా మెరిసే జి.ఐ. మేకులు వద్దు, వాటిమీద జింకు పూత ఉంటుంది. స్టీలు అసలే పనికిరాదు. ముక్కలకు నూనె, గ్రీజు ఉంటే సబ్బుతో కడగండి, తుప్పు మాత్రం గీకేయకండి. ఇనుము ఏరడం, కడగడం పెద్దవాళ్ల పని. తుప్పు మేకు గుచ్చుకుంటే టెటనస్ ఇంజెక్షన్ కోసం పరుగెత్తాలి. బెల్లం చితక్కొట్టి నీళ్లలో కరిగించడం పిల్లలకు వదిలేయండి. ముదురు రంగు బెల్లమే తీసుకోండి, సగం తాటిబెల్లం కలిపితే ఇంకా మంచిది. హైడ్రోస్ వేసి తెల్లబరిచిన బెల్లం సరిగ్గా పులియదు.

మూత బిగించకూడదు. బెల్లం పులిసేటప్పుడు గాలి పుడుతుంది, బిరడా బిగిస్తే జాడీ పగలొచ్చు. పలచటి గుడ్డ కట్టి, వాన పడని, ఎండ తగిలే చోట పెట్టండి. రెండు రోజులకోసారి కర్రతో కలపాలి. మొదట నురుగొస్తుంది, తర్వాత పుల్లటి వాసన, ఆపైన ద్రవం గోధుమ రంగుకి తిరుగుతుంది. తెల్లటి పొర కడితే గరిటెతో తీసేయండి, సిరా పాడైనట్టు కాదు. బెల్లం వాసనకి చిన్నపిల్లలు వేలు పెట్టి నాకే ప్రమాదం ఉంది. ఇనుము కడుపులోకి పోతే విషమవుతుంది కాబట్టి జాడీ వాళ్లకు అందని ఎత్తులోనే ఉండాలి.

పదిహేనో రోజు దాటాక గుడ్డ పని పట్టండి. ఒక మీటరు గాడా గుడ్డ, అంటే ముతక నూలు గుడ్డ (సుమారు 150 గ్రాములు) తెచ్చి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మర్నాడు సబ్బు నీళ్లలో అరగంట ఉడికించి, బాగా జాడించండి. గంజి పూర్తిగా పోవాలి. గంజి మిగిలిన చోట రంగు పట్టక మచ్చలుగా తెల్లబడుతుంది. ఒక నీటిచుక్క వేసి చూడండి: వెంటనే పీల్చుకుంటే సరే, ముత్యంలా నిలబడితే మళ్లీ ఉడికించాలి.

నాటుమందుల అంగట్లో కరక్కాయలు దొరుకుతాయి. గింజ తీసేసి, పైబెరడు దంచి, 50 గ్రాముల పొడి అర లీటరు నీళ్లలో రెండు గంటలు నానబెట్టి వడగట్టండి. వడగట్టకపోతే పొడి రేణువులు గుడ్డకి అంటుకుని చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. ముంచే ముందు మాత్రమే అర లీటరు పచ్చి ఎనుము పాలు కలపాలి, ముందే కలిపి పెడితే విరిగిపోవచ్చు. పాలలోని వెన్న సిరాని పాకనివ్వదు. ప్యాకెట్ పాలే దిక్కయితే ఫుల్ క్రీమ్ తీసుకోండి. టోన్డ్ పాలతో తడిపిన గుడ్డ మీద గీత పక్కలకు పీచులు పీచులుగా పాకుతుంది.

గుడ్డని ఇరవై నిమిషాలు ముంచి, పిసికి, గట్టిగా పిండి, ఎండలో పరచి ఆరబెట్టండి. మధ్యలో ఒకసారి తిరగేయాలి, లేకపోతే ఎండ తగిలిన వైపే ముదురుతుంది. మబ్బు రోజు ఈ పని పెట్టుకోకండి, పాలు ఆరక కంపు కొడుతుంది. తుప్పు పట్టిన తీగ మీద ఆరేస్తే గుడ్డ మీద నల్ల గీతలు పడతాయి. ఇనుప బకెట్‌తోనూ అదే గతి. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువున్న ఊళ్లలో గుడ్డ బూడిద రంగుకి తిరుగుతుంది, అక్కడ వాన నీళ్లు పట్టుకుని వాడండి. సరిగ్గా ఆరిన గుడ్డ లేత పసుపు రంగులో ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. ఇది పిల్లలతోనే చేయించాలి. కరక్కాయ పట్టించిన పీలిక ఒకటి, ఉత్త తెల్ల పీలిక ఒకటి పక్కపక్కన పెట్టండి. జాడీ నుంచి పుల్లతో ఒక్కో చుక్క వేయమనండి. తెల్ల పీలిక మీద చుక్క తుప్పు మరకలాగే ఉండిపోతుంది. పసుపు పీలిక మీద అదే చుక్క చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, అంటే టానిన్, ఇనుముతో కలిసి గుడ్డ పోగులోనే నలుపుగా గట్టిపడుతుంది. రంగు జాడీలో లేదనీ, ఆ రెండూ కలిసిన చోటే పుడుతుందనీ పిల్లలకు మాటలతో చెప్పక్కర్లేదు.

చుక్క బూడిద రంగులో ఆగిపోతే తప్పు సిరాదో గుడ్డదో తేల్చాలి. చిక్కటి కరక్కాయ కషాయం ఒక చెంచా తీసుకుని అందులో సిరా చుక్క వేయండి. కషాయం నల్లబడితే సిరా బాగుంది, గుడ్డకే కరక్కాయ చాల్లేదు: గుడ్డని మళ్లీ ముంచి ఆరబెట్టండి. కషాయం కూడా బూడిదగానే ఉంటే జాడీని ఇంకో వారం వదిలేయండి. ఆత్రపడి సిరాని మరగబెట్టి చిక్కచేయకండి. ఇనుము ఎక్కువైన చోట నూలు పోగు కొన్నాళ్లకు పుచ్చి చిల్లు పడుతుంది.

తయారైన సిరాని రెండు మడతల గుడ్డతో గాజు సీసాలోకి వడగట్టి, మూత వదులుగా పెట్టండి. జాడీలో మిగిలిన ఇనుముకి మళ్లీ బెల్లం నీళ్లు పోస్తే సంక్రాంతికి ఇంకో విడత వస్తుంది. మిగిలిన పాల ద్రవం కొబ్బరి చెట్టు మొదట్లో గుంత తీసి పోయండి.

వచ్చే పాఠంలో వెదురు కలం చెక్కడం, గీత గీయడం. అందుకు జానెడు పొడవున్న, పెన్సిల్ లావు వెదురు పుల్లలు నాలుగు, పాత ఉన్ని దారం, పెన్సిల్ బదులు గీతలు వేసుకోవడానికి చింతబొగ్గు కావాలి. వేలి లావు ఎండు చింత పుల్లల్ని రేకు డబ్బాలో నింపి, మూతకి మేకుతో ఒక్క రంధ్రం పొడిచి, పొయ్యి మీద పెట్టండి. రంధ్రంలోంచి పొగ ఆగేదాకా కాల్చి, పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. వేడి మీద తీస్తే బొగ్గు అంటుకుని బూడిదైపోతుంది.