దుప్పి కనపడంగనే చేతులు వణుకుడు, నాకైతే ఇట్ల తగ్గింది

పాకాల అడవి దిక్కు పోయినప్పుడల్లా ఇదే కథ, పొద్దుగాల నుంచి కూసుంటే ఆఖరికి దుప్పి బయటికొస్తది, అంతే గుండె దడదడ, నోరు ఎండుడు, 40 ఫొటోలు కొడితే 40 షేకే. అమెరికాల వేటగాళ్లు దీన్ని బక్ ఫీవర్ అంటరట. మన దగ్గర 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతోని వేట బంద్, కానీ కెమెరా పట్టుకున్నా ఒంట్లె అడ్రినలిన్ అదే గద.

ట్రైపాడ్ కొన్న, చాయ్ బంద్ జేసిన, ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే సెట్టింగ్) పెంచిన, ఏదీ పని జెయ్యలే.

పనిజేసింది ఏందంటే, జంతువు కనపడంగనే ముందుగాల బటన్ మీదికెళ్లి వేలు తీసేసిన, కెమెరా జర కిందికి దించిన (ఇదే అన్నిటికన్నా కష్టం, పానం ఒప్పది). ముక్కుతోని 4 లెక్కవెట్టి పీల్చి, నోటితోని 6 లెక్కవెట్టి మెల్లగ ఇడిసిన, ఇట్ల మూడు సార్లు. ఊపిరి పొడుగ్గ ఇడిస్తే గుండె వేగం తగ్గుతది. ఆనంక మోచేతులు పక్కటెముకలకు ఆనించి, చెట్టుకు ఒరిగి, కొమ్ముల దిక్కు సూడకుండ కన్ను మీదనే ఫోకస్ పెట్టి, ఊపిరి ఇడిసినంక ఉండే చిన్న గ్యాప్‌ల నొక్కిన. షట్టర్ స్పీడు 1/1000 సెకను.

అంతకుముందు రెండు వారాలు ఇంటి మెట్లు ఉరికి ఎక్కి, ఆయాసంల ఉన్నప్పుడే పక్కింటి మేకను ఫొటో తీసుడు ప్రాక్టీస్ చేసిన. వాళ్లు నవ్విన్రు, నవ్వనీ.

దుప్పికి, మనుబోతుకు పనిజేసింది, లకుముకి పిట్టకు మాత్రం కాలే, మూడు సార్లు ఊపిరి తీసేలోపు అది చెరువు అవతల ఉంటది. చిరుత ఎదురైతే ఎట్లనో నాకు తెల్వది అన్నా.