చార్ట్‌లో పోటు, ఒడ్డున ఆటు: సూర్యలంకలో కైట్‌సర్ఫింగ్ మొదలుపెట్టేవాళ్లకు సమస్య - పరిష్కారం

కైట్‌సర్ఫింగ్ అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారడం. గుంటూరులో తెల్లవారుజామున బయల్దేరి, పొన్నూరు దాటి, బాపట్ల నుంచి ఇంకో 9 కిలోమీటర్లు వెళ్లి సూర్యలంకలో దిగగానే అందరూ చేసే మొదటి పని కైట్ బ్యాగు జిప్ తీయడం. వెంటనే కైట్ ట్యూబుల్లోకి పంపుతో గాలి కొట్టడం మొదలవుతుంది. సముద్రం ముందుకు వస్తోందా, వెనక్కి పోతోందా అని ఒక్కరూ చూడరు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే తంతు.

ముందు సరుగుడు తోటలో రాలిన పుల్ల ఒకటి తీసుకోండి. పెద్ద కెరటం ఎక్కడిదాకా పాకిందో చూసి అక్కడ గుచ్చండి. 15 నిమిషాలు ఆగండి. పుల్ల నీళ్లలో మునుగుతుంటే పోటు. పుల్లకీ నీళ్లకీ మధ్య తడి ఇసుక వెడల్పవుతుంటే ఆటు. కింద రాసిన సమస్యల్లో సగం ఈ పుల్ల దగ్గరే తేలిపోతాయి.

రామేశ్వరంలోనో, గోవాలోనో శిక్షకుడి దగ్గర నేర్చుకుని, కైట్ ఎగరేయడం, క్విక్ రిలీజ్ (ప్రమాదంలో కైట్ లాగుడును వెంటనే వదిలించే పట్టు) లాగడం వచ్చినవాళ్ల కోసం ఇది. అవి రానివాళ్లు ముందు అవి నేర్చుకోవాలి. వచ్చినవాళ్లు కూడా ఒంటరిగా దిగొద్దు.

కైట్ లేవడం లేదు, లేచినా రాలిపోతోంది

చాలాసార్లు కారణం ఒకటే, గాలి చాలడం లేదు. కొత్తవాళ్లకు 12 నుంచి 18 నాట్స్, అంటే గంటకు సుమారు 22 నుంచి 33 కిలోమీటర్ల నిలకడైన గాలి కావాలి. "బ్యారేజీ మీద గాలి అదిరిపోతోంది, వచ్చేస్తున్నాం" అని బెజవాడ మిత్రులు ఫోన్ చేస్తుంటారు. కృష్ణ మీద గాలిని బట్టి సముద్రం దగ్గర గాలిని లెక్కేయకండి. ఎండాకాలంలో సముద్రపు గాలి నేల వేడెక్కాకే మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది. ఉదయం 8కి కైట్ రాలిపోతుంటే కైట్‌ను తప్పుపట్టి లాభం లేదు. గాలి ఉండి కూడా రాలిపోతుంటే ముందు ట్యూబును వేలితో కొట్టి చూడండి, డప్పులా మోగాలి. మోగుతోందంటే లైన్లు (కైట్ తాళ్లు) మెలిపడ్డాయేమో చూసుకోండి.

గాలి బాగుంది, కానీ కైట్ సముద్రంలోకి లాక్కుపోతోంది

అది పడమర గాలి. సూర్యలంకలో సముద్రం దాదాపు ఆగ్నేయం వైపు ఉంటుంది. కాబట్టి దక్షిణం, ఆగ్నేయం గాలి మనల్ని ఒడ్డుకు తోస్తుంది. పడమర, వాయవ్యం గాలి సముద్రంలోకి తోస్తుంది. గుంటూరులో పొద్దున్నే వడగాడ్పు మొదలైందంటే ఒడ్డున కూడా అదే గాలి ఉండే అవకాశం ఎక్కువ. ఒడ్డున నీళ్లు నున్నగా, అద్దంలా కనిపిస్తాయి, అందుకే కొత్తవాళ్లకు నచ్చుతుంది. పిడికెడు పొడి ఇసుక భుజం ఎత్తు నుంచి వదలండి. అది నీళ్లవైపు ఎగిరితే కైట్ బ్యాగు మూసేయండి. సముద్రపు గాలి తిరిగేదాకా ఆగండి, తిరగకపోతే ఇంటికి వచ్చేయండి.

చార్ట్ ప్రకారం పోటు, కానీ నీళ్లు లోపలికి లాగుతున్నాయి

నన్ను బాగా దెబ్బ తీసింది ఇదే. అందుకే వివరంగా చెబుతున్నాను. చార్ట్ అంటే ఆటుపోట్ల సమయాల పట్టిక.

కొత్తవాళ్లకు మంచి సమయం, నీళ్లు పూర్తిగా దిగి మళ్లీ ఎక్కడం మొదలైన మొదటి 2 గంటలు. అప్పుడు నిలబడేంత లోతులో చోటు ఎక్కువ ఉంటుంది, నీటి కదలిక కూడా ఒడ్డు వైపే ఉంటుంది. ఆటు నుంచి పోటుకు సుమారు 6 గంటల 12 నిమిషాలు. మొత్తం ఎక్కే నీటిని 12 భాగాలు అనుకుంటే, మొదటి గంటలో 1 భాగం, రెండో గంటలో 2, మూడో గంటలో 3, నాలుగో గంటలో 3, తర్వాత 2, ఆఖర్న 1. అంటే మొదటి 2 గంటల్లో పావు వంతే ఎక్కి, తర్వాతి 2 గంటల్లో సగం ఎక్కుతుంది. ఇసుక మేట మీద మోకాళ్ల లోతులో నిలబడ్డవాడికి తన వెనక, ఒడ్డుకీ మేటకీ మధ్య ఉన్న పల్లం నిండిపోవడం తెలియదు. అందుకే మూడో గంట మొదలవకముందే బయటికి రమ్మంటాను. నీళ్లు దిగేటప్పుడూ లెక్క ఇదే, దిశ మాత్రం తారుమారు. మేటల మధ్య సందుల్లోంచి నీళ్లు సముద్రంలోకి లాగుతాయి.

ఒక ఆదివారం మా పిన్ని కొడుకుని తీసుకెళ్లాను. వాట్సాప్ గ్రూపులో వచ్చిన చార్ట్ స్క్రీన్‌షాట్‌లో ఆటు ఉదయం 9:30కి, పోటు మధ్యాహ్నం 3:42కి అని ఉంది. పదింపావుకి వాణ్ని నడుం లోతులో దింపాను. ఇంకాసేపటికి "అన్నా, ఇసుక జారుతోంది, నిలవలేకపోతున్నా" అని కేక. కైట్ నీళ్లలో పడింది, వాడు మేట సందు వైపు కొట్టుకుపోతున్నాడు. పడవ దగ్గర వల సర్దుకుంటున్న పెద్దాయన లేచి వచ్చి, "నీళ్లు దిగుతున్నాయి బాబూ, ఆ పిల్లోణ్ని పక్కకి రమ్మను, ఒడ్డుకి ఎదురీదొద్దను" అని అరిచాడు. గాలి ఆగ్నేయంగా ఉంది కాబట్టి, కైట్ అంచు పట్టుకుని తెరచాపలా వాడుకుని, చాలా దూరంలో ఒడ్డుకు చేరాడు. వాడి పెదవులు పాలిపోయాయి. నా చేతుల వణుకు బాపట్ల వచ్చేదాకా తగ్గలేదు.

ఆ స్క్రీన్‌షాట్‌లోని సమయం మనది కాదు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం). మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అసలు ఆటు మధ్యాహ్నం 3 గంటలకు. అంటే పోటు 9 లోపే అయిపోయింది, మేం దిగేసరికి నీళ్లు దిగుతున్నాయి. ఆటుకీ పోటుకీ మధ్య 6 గంటల 12 నిమిషాలు, గడియారంలో తప్పు 5:30. రెండూ దగ్గర దగ్గర కావడంతో చార్ట్ దాదాపు తలకిందులవుతుంది. ఒక గంట తేడా ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇది అచ్చం నిజం చార్ట్ లాగే ఉంటుంది, చెప్పేదంతా ఎదురు.

పట్టుకునే మార్గాలున్నాయి. అదే పేజీలో సూర్యోదయం సమయం చూడండి. అర్ధరాత్రి 12 దాటాక సూర్యోదయం అని ఉంటే అది యూటీసీ. ఎండాకాలంలో గాలి ఉదయం 9కే గరిష్ఠంగా చూపిస్తున్నా అనుమానించండి, సముద్రపు గాలి బలపడేది మధ్యాహ్నం. యాప్‌లో సమయం ఐఎస్‌టీకి (భారత సమయానికి) మార్చండి, కుదరకపోతే ప్రతి అంకెకూ 5:30 కలపండి. స్క్రీన్‌షాట్ మీద ఎవరినీ నీళ్లలోకి పంపొద్దు.

పంచాంగం కూడా పనికొస్తుంది. ఒక తీరంలో అమావాస్యకూ పౌర్ణమికీ పోటు దాదాపు ఒకే సమయానికి వస్తుంది. ఒకసారి చూసి రాసిపెట్టుకోండి. అక్కణ్నుంచి రోజుకు సుమారు 50 నిమిషాలు కలుపుకుంటూ పోతే చార్ట్ అబద్ధం చెబుతోందో లేదో తెలుస్తుంది. అమావాస్య, పౌర్ణముల చుట్టూ నీళ్లు ఎక్కువ ఎక్కి ఎక్కువ దిగుతాయి. కొత్తవాళ్లు అష్టమి, నవమి రోజులు చూసుకుంటే నెమ్మది.

ఆ రోజు నేను పుల్ల గుచ్చి ఉంటే పావుగంటలో తేలిపోయేది.

నిన్నటి గాలే, నిన్నటి కైటే, ఇవాళ బోర్డు లేవడం లేదు

నీటి ప్రవాహం గాలితో పాటే వెళ్తోంది. 12 నాట్స్ గాలిలో ప్రవాహం అదే దిశలో 1 నాట్ ఉంటే కైట్‌కు అందేది 11. ఎదురుగా ఉంటే 13. కైట్ లాగే బలం గాలి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే 121 ఎక్కడ, 169 ఎక్కడ! దాదాపు 40 శాతం తేడా. ఎగిరే కైట్ కింద కొట్టుకుపోతున్న నురగను గమనిస్తే ప్రవాహం ఎటో తెలుస్తుంది. పెద్ద కైట్‌కు మారడం కంటే కొత్తవాళ్లు ప్రవాహం తగ్గేదాకా ఆగడం మంచిది. ప్రవాహం ఎదురుగా ఉంటే కెరటాలు నిటారుగా లేస్తాయి, బలమూ ఎక్కువ, కాబట్టి ఒక సైజు తగ్గించండి.

మిగతావి

గాలి లేకుండా ఎత్తైన అలలు వస్తున్నాయంటే దూరపు తుఫాను కావచ్చు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది, ముందురోజు రాత్రి చూసుకోండి. వాల్వ్ లీకులు, బ్రిడిల్ (లైన్లను కైట్‌కు కలిపే చిన్న తాళ్లు) తెగడం అరుదు. పక్క రేవు చార్ట్ చూడటం వల్ల వచ్చే తేడా చిన్నదే. స్థలం మాత్రం పట్టించుకోండి: లైన్లే 20 నుంచి 24 మీటర్లు, గాలి పోయే వైపు కనీసం 50 మీటర్లు మనుషులు, పడవలు లేకుండా చూసుకోండి. సూర్యలంకలో వైమానిక దళ స్టేషన్ ఉంది, దాని హద్దుల వైపు కైట్ పోనివ్వకండి, దిగే ముందు ఒడ్డున ఉన్న పోలీసులను అడగండి. వాళ్లు వద్దంటే ఆ రోజుకు కైట్ సర్దేసుకోండి.