ఎకనమిక్స్‌లో ఆనర్స్ ఏడాది: ఎలా సిద్ధం కావాలి, ఏం చదవాలి, తర్వాత దారులేమిటి

దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఎకనమిక్స్ ఆనర్స్ అంటే మూడేళ్ల డిగ్రీ అయ్యాక మరో ఏడాది చేసే చదువు. ఇంగ్లండ్‌లో డిగ్రీలోనే కలిసి ఉండే ఆనర్స్‌తో దీన్ని కలపకూడదు. ఈ మూడు దేశాల అర్హతల పట్టికలోనూ డిగ్రీది ఏడో స్థాయి, ఆనర్స్‌ది ఎనిమిది, మాస్టర్స్‌ది తొమ్మిది. దక్షిణాఫ్రికాలో దీనికి కనీసం 120 క్రెడిట్లు ఉండాలి. క్రెడిట్‌కు 10 గంటల పని లెక్కన 1,200 గంటలు. అందులో కనీసం 30 క్రెడిట్లు పరిశోధనకే కేటాయించాలి. తరగతులు సాధారణంగా ఫిబ్రవరిలో మొదలై నవంబరుకల్లా ముగుస్తాయి కాబట్టి పేరుకు ఏడాదే అయినా చేతికి వచ్చేది తొమ్మిది, పది నెలలే.

డిగ్రీలో ఒక సిద్ధాంతం ఏం చెబుతుందో తెలిస్తే సరిపోతుంది. ఇక్కడ అది ఏయే ఊహల మీద నిలబడిందో, ఏ ఊహ తీసేస్తే కూలిపోతుందో కాగితం మీద మీరే చూపించాలి. ఆ తర్వాత అసలు డేటా తీసుకుని దాన్ని పరీక్షించాలి. ఏడాది పొడవునా చేసే పనంతా ఈ రెండింటి కోసమే.

చేరే ముందు లెక్కలు

ఈ కోర్సులో వెనకబడేవారిలో ఎక్కువమంది ఎకనమిక్స్ రాక వెనకబడరు. లెక్కల దగ్గర చెయ్యి తిరగక వెనకబడతారు. తరగతులు మొదలయ్యాక నేర్చుకుందాంలే అనుకుంటే కుదరదు. మైక్రో (వ్యక్తులు, సంస్థల నిర్ణయాలు), మాక్రో (మొత్తం దేశ ఆర్థిక వ్యవస్థ), ఎకానమెట్రిక్స్ (డేటాతో ఆర్థిక సంబంధాలను కొలవడం) మూడూ ఒకేసారి, మొదటి వారం నుంచే లెక్కలు అడుగుతాయి. అందుకే చాలా డిపార్ట్‌మెంట్లు తరగతులకు ముందే కొద్ది రోజుల గణిత శిక్షణ పెడతాయి. అది మరిచిపోయినదాన్ని గుర్తు చేయడానికే సరిపోతుంది. కొత్తగా నేర్చుకోవాలంటే అంతకు ముందు రెండు మూడు నెలలు రోజూ గంట, గంటన్నర కూర్చోవాల్సిందే.

చూసుకోవాల్సినవి మరీ ఎక్కువేం కాదు: పాక్షిక అవకలనం, పరిమితికి లోబడి గరిష్ఠం కనుక్కునే లగ్రాంజ్ పద్ధతి, మాత్రికల గుణకారం, విలోమం, సంభావ్యతలో సగటు, వేరియన్స్, షరతుతో కూడిన సగటు. వీటిని చదివితే చాలదు, పెన్ను పట్టి చేయాలి.

మీరు ఎంతవరకు సిద్ధమో ఈ లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక వినియోగదారుడి దగ్గర 1,000 ర్యాండ్లు (దక్షిణాఫ్రికా కరెన్సీ) ఉన్నాయి. కొనేవి రెండే వస్తువులు. అతని ప్రయోజన ఫంక్షన్, అంటే వస్తువుల వల్ల కలిగే తృప్తిని చెప్పే సూత్రం, కాబ్-డగ్లస్ రూపంలో ఉంది, అంటే రెండు వస్తువుల పరిమాణాలను ఘాతాలకు ఎత్తి గుణించడం. ఘాతాంకాలు 0.3, 0.7. మొదటి వస్తువు ధర 10 ర్యాండ్లు. ఆదాయంలో 0.3 వంతు, అంటే 300 ర్యాండ్లు, దానికి పోతాయి కాబట్టి 30 కొంటాడు. డిగ్రీ స్థాయి ప్రశ్న ఇక్కడితో అయిపోతుంది. ఆనర్స్ ప్రశ్న ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇప్పుడు ఆ ధర 20 అయింది. అతణ్ణి పాత తృప్తి స్థాయికి తీసుకురావడానికి ఎంత డబ్బు ఇవ్వాలి?

పాత 30 వస్తువులనే మళ్లీ కొనగలిగేలా చేయాలంటే ఇంకో 300 ర్యాండ్లు కావాలి. కానీ పాత తృప్తి దక్కడానికి అంత అక్కర్లేదు. ధర రెట్టింపైతే ఖర్చు ఫంక్షన్ (అదే తృప్తికి కావాల్సిన కనీస ఖర్చు) 2ను 0.3 ఘాతానికి ఎత్తినంత, అంటే సుమారు 1.231 రెట్లు పెరుగుతుంది. కాబట్టి 231 ర్యాండ్లు చాలు. మిగిలిన 69 ర్యాండ్ల తేడా ఎక్కడిదంటే, ఖరీదైనదాన్ని తగ్గించి రెండోదాన్ని ఎక్కువ కొనుక్కునే వీలు అతనికి ఉండటం వల్ల వచ్చింది. మారని బుట్టతో కట్టే ధరల సూచీ జీవన వ్యయాన్ని కాస్త ఎక్కువ చేసి చూపిస్తుందనడానికి కారణం కూడా ఇదే. 231 ఎలా వచ్చిందో సొంతంగా రాబట్టగలిగితే మైక్రోకు మీరు సిద్ధంగా ఉన్నట్టే. రాకపోతే ఏ అధ్యాయం తెరవాలో తెలిసినట్టే.

మూడు ప్రధాన పేపర్లు

మైక్రోలో వినియోగదారు, ఉత్పత్తిదారు సిద్ధాంతాలు, సాధారణ సమతౌల్యం (అన్ని మార్కెట్లూ ఒకేసారి కుదురుకోవడం), గేమ్ థియరీ (ఒకరి నిర్ణయం మరొకరి నిర్ణయం మీద ఆధారపడే చోట్ల విశ్లేషణ), ఒకరికి తెలిసింది మరొకరికి తెలియని చోట మార్కెట్లు ఎలా దెబ్బతింటాయన్నది ఉంటాయి. మాక్రోలో 1956 నాటి సోలో వృద్ధి నమూనాతో మొదలుపెట్టి, కుటుంబాలు ఈరోజు వినియోగానికీ రేపటి వినియోగానికీ మధ్య ఎలా ఎంచుకుంటాయో చెప్పే నమూనాల మీదుగా, కేంద్ర బ్యాంకులు వాడే న్యూ కీన్సియన్ నమూనాల (ధరలు వెంటనే మారవన్న ఊహ మీద నిలబడేవి) దాకా వెళతారు. ఈ రెండింటికీ చదివే పద్ధతి ఒకటే: లెక్చర్‌లో చూపిన రాబట్టడాన్ని అదే రోజు నోట్సు మూసి తిరిగి రాయాలి. ఎక్కడ ఆగిపోతారో అక్కడే మీకు అర్థం కాలేదు. ప్రాబ్లమ్ సెట్‌ను ముందు ఒంటరిగా చేసి, తర్వాతే నలుగురితో సరిచూసుకోండి. ఆ వరస తిరగబడితే పరీక్ష హాల్లో తెలిసిపోతుంది.

ఎకానమెట్రిక్స్ సంగతి వేరు. మిగతా ఏడాదంతా, ఉద్యోగంలోకి వెళ్లాక కూడా, ఎక్కువగా పనికొచ్చేది ఇదే. కనిష్ఠ వర్గాల పద్ధతిని (డేటాకు అతి దగ్గరగా వెళ్లే గీతను కనుక్కోవడం) మాత్రికల రూపంలో రాబట్టడంతో మొదలై ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్స్ (కారణాన్ని విడదీయడానికి వాడే బయటి చలరాశులు), ప్యానెల్ డేటా (అవే మనుషులను పదేపదే గమనించిన డేటా), టైమ్ సిరీస్ (కాలక్రమంలో నమోదైన డేటా) దాకా సాగుతుంది. వీటన్నింటి వెనకా ఉండే ప్రశ్న ఒక్కటే: ఈ రెండూ కలిసి కదులుతున్నాయి సరే, ఒకదాని వల్లే రెండోది కదులుతోందని ఎలా అనగలం?

దీన్ని బాగా పట్టుకోవడానికి ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 1994లో ప్రచురించిన కనీస వేతన పరిశోధన కంటే మంచి సాధన దొరకదు. అమెరికాలోని న్యూజెర్సీలో 1992 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెరిగింది. పక్కనున్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. రెండు చోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో ముందూ తర్వాతా ఎంతమంది పనిచేస్తున్నారో వాళ్లు లెక్క తీశారు. న్యూజెర్సీలో దుకాణానికి సగటున (పూర్తికాల ఉద్యోగుల లెక్కన) 20.44 నుంచి 21.03కు, అంటే 0.59 పెరిగింది. పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కు, అంటే 2.16 తగ్గింది. రెండు మార్పుల మధ్య తేడా సుమారు 2.75. వేతనం పెరిగితే ఉద్యోగాలు పోతాయన్న మాట ఇక్కడ నిలబడలేదు.

ఈ అంకెలు చూసి అంతటితో వదిలేయకండి. న్యూజెర్సీలో పెరిగింది కొంచెమే. అంచనాలో ఎక్కువ భాగం పెన్సిల్వేనియాలో తగ్గినదాని నుంచే వచ్చింది. అంటే, వేతనం పెరగకపోయి ఉంటే న్యూజెర్సీలో కూడా అంతే తగ్గేదని నమ్మితేనే 2.75కు అర్థం ఉంటుంది. 2000లో న్యూమార్క్, వాషర్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు దుకాణాల జీతాల రికార్డులు తీసుకుని చేస్తే ఫలితం వేరుగా వచ్చింది. కార్డ్, క్రూగర్ దానికి జవాబిచ్చారు. ఈ వాదప్రతివాదాలను వరసగా చదివి, ఎవరి బలం ఏ ఊహ మీద ఉందో ఒక పేజీలో రాయండి. పరిశోధన వ్యాసాన్ని ఎలా చదవాలో దాంతో చేతికొస్తుంది.

పరిశోధన వ్యాసం

మార్కుల్లోనూ సమయంలోనూ దీనిదే పెద్ద వాటా. నిడివి డిపార్ట్‌మెంట్‌ను బట్టి మారుతుంది. ఆస్ట్రేలియాలో కొన్ని చోట్ల ఇది సగం ఏడాది పని.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. ‘దక్షిణాఫ్రికాలో నిరుద్యోగానికి కారణాలు’ అన్నది ప్రశ్న కాదు, ఒక పుస్తకాల అర. ‘ఇంట్లో వృద్ధాప్య పింఛను అందుకునేవారు చేరితే ఆ ఇంటి యువకులు పని వెతుక్కోవడం పెరుగుతుందా, తగ్గుతుందా’ అన్నది ప్రశ్న. ఇందులో ఎవరు, ఏం మారింది, దేని మీద ప్రభావం అన్నవి మూడూ ఉన్నాయి. వాక్యంలో ఈ మూడూ కనబడేదాకా గైడ్ దగ్గరికి వెళ్లకండి.

ప్రశ్న తట్టిన వారంలోనే డేటా ఉందో లేదో చూడండి. దక్షిణాఫ్రికాలో 2008 నుంచి 2017 దాకా ఐదు విడతలుగా అవే మనుషులను అడుగుతూ వచ్చిన జాతీయ ఆదాయ సర్వే ఉంది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలోని డేటాఫస్ట్ అనే డేటా సేవ ద్వారా ఇలాంటివి దొరుకుతాయి. ఆస్ట్రేలియాలో 2001లో మొదలైన హిల్డా అనే కుటుంబాల సర్వే ఉంది. కొన్నింటికి దరఖాస్తు పెట్టి అనుమతి వచ్చేదాకా ఆగాలి. ఆ ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకోండి. మార్చిలో ప్రశ్న, ఏప్రిల్‌లో ప్రతిపాదన, జూన్ చివరికి శుభ్రం చేసిన డేటా, ఆగస్టుకల్లా ప్రధాన ఫలితం, సెప్టెంబరులో పూర్తి చిత్తుప్రతి చేతిలో ఉంటే అక్టోబరులో ఊపిరాడుతుంది.

ఎక్కువగా దెబ్బతినేది డేటా శుభ్రం చేసే చోట. సర్వేల్లో ‘చెప్పను’, ‘తెలియదు’ అన్న జవాబులను తరచుగా నెగటివ్ సంఖ్యలుగా పెడతారు. వాటిని తీయకుండా ఆదాయం సగటు కడితే సగటు తప్పుతుంది, అయినా సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు. స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ విలువ అన్ని సంఖ్యల కంటే పెద్దది. ఆదాయం 10,000 కంటే ఎక్కువ ఉన్నవారిని ఎంచమంటే ఆదాయం చెప్పనివారు కూడా ధనికుల్లో చేరిపోతారు. ఆదాయానికి లాగ్ (సంవర్గమానం) తీసుకుంటే, సున్నాకు లాగ్ ఉండదు కాబట్టి, సున్నా ఆదాయం ఉన్నవారు నిశ్శబ్దంగా జారిపోతారు. అందుకే ప్రతి అడుగు తర్వాత ఎన్ని వరసలు మిగిలాయో చూసి రాసుకోండి.

ఫలితం చదవడంలోనూ జాగ్రత్త అవసరం. జీతం లాగ్‌లో ఉండి, ఉంది-లేదు చలరాశి (ఉంటే 1, లేకపోతే 0) గుణకం 0.40 వస్తే దాన్ని 40 శాతం అనకూడదు, సుమారు 49 శాతం. చదువు వల్ల జీతం ఎంత పెరుగుతుందో చూస్తూ వృత్తిని కూడా రిగ్రెషన్‌లో (చలరాశుల మధ్య సంబంధాన్ని అంచనా వేసే లెక్కలో) పెడితే ఫలితం చిక్కిపోతుంది. మంచి వృత్తి దొరకడం కూడా చదువు ఫలమే కాబట్టి, కొలవాలనుకున్నదాన్నే కొంత తీసేసినట్టవుతుంది. చలరాశులు ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదనుకోవడం ఆనర్స్ వ్యాసాల్లో కనబడే ఖరీదైన పొరపాటు.

మూల ఫైలును ఎప్పుడూ ముట్టుకోవద్దు. ప్రతి మార్పూ కోడ్‌లోనే జరగాలి. ఒక్క ఫైలు నడిపితే మొదటి నుంచి చివరి పట్టిక దాకా మళ్లీ వచ్చేయాలి. స్టాటా, ఆర్, పైథాన్ ఏదైనా సరే, ఈ అలవాటు ముఖ్యం.

తర్వాత

దక్షిణాఫ్రికాలో మాస్టర్స్‌కు ఎనిమిదో స్థాయి అర్హత తప్పనిసరి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఫస్ట్ క్లాస్ ఆనర్స్‌తో నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫస్ట్ క్లాస్ గీత దక్షిణాఫ్రికాలో సాధారణంగా 75 శాతం, ఆస్ట్రేలియాలో చాలా చోట్ల 80.

ఉద్యోగాలంటే కేంద్ర బ్యాంకులు, ఆర్థిక శాఖలు, గణాంక సంస్థలు, పోటీ నియంత్రణ సంస్థలు, బ్యాంకుల పరిశోధన విభాగాలు, కన్సల్టెన్సీలు. మీ దగ్గర నుంచి వాళ్లు కోరేది నమూనాల పేర్లు కాదు. గజిబిజి డేటా ఇస్తే శుభ్రం చేసి, ఒక అంచనా తీసి, అది ఎంతవరకు నమ్మదగ్గదో ఆర్థికవేత్త కాని అధికారికి రెండు పేజీల్లో చెప్పగలరా అన్నది చూస్తారు. వ్యాసం పూర్తయ్యాక దాన్ని రెండు పేజీలకు కుదించి, శుభ్రమైన కోడ్‌తో కలిపి పెట్టుకోండి.

ఆస్ట్రేలియాలో గ్రాడ్యుయేట్ ఉద్యోగాల దరఖాస్తులు చాలావరకు మీ ఆనర్స్ మొదలైన తొలి నెలల్లోనే తెరుచుకుంటాయి. అప్పటికి వ్యాసం ఉండదు, ఆనర్స్ మార్కులూ ఉండవు. అందుకని డిగ్రీ చివరి ఏడాదిలోనే ఒక చిన్న డేటా ప్రాజెక్టు చేసి, సిఫారసు రాయగల ఇద్దరు అధ్యాపకులను చేరకముందే అడిగి ఉంచుకోండి.