మిశ్రమాల మీద డేటా సఫీషియెన్సీ: ఐసెట్‌కి ముందు జాగ్రత్తలు

ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశపరీక్ష ఐసెట్‌లో 150 నిమిషాలకు 200 ప్రశ్నలు. వాటిలో 20 డేటా సఫీషియెన్సీవి, అంటే ప్రశ్న కింద ఇచ్చిన రెండు స్టేట్‌మెంట్లలో ఏదో ఒకటి సరిపోతుందా, రెండూ కావాలా, రెండూ కలిపినా చాలవా అన్నది చెప్పాల్సినవి. పాలూ నీళ్లూ, రెండు రకాల బియ్యం కనబడగానే చాలామంది పెన్ను పట్టి చివరిదాకా లెక్క చేసేస్తారు. జవాబు ఎంత అన్నది ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఒకే ఒక్క జవాబు వస్తుందా, రాదా అన్నది తేలితే చాలు.

ముందు, ప్రశ్న అడిగింది నిష్పత్తా, కిలోలా లీటర్లా అన్నది చూసుకోండి. కిలో 48 రూపాయల బియ్యాన్నీ 60 రూపాయల బియ్యాన్నీ ఏ నిష్పత్తిలో కలిపారు? ఒకటో స్టేట్‌మెంట్: కలిపిన బియ్యం కొన్న ధర కిలో 52 పడింది. రెండోది: మొత్తం 30 కిలోలు. 60లోంచి 52 తీస్తే 8, 52లోంచి 48 తీస్తే 4. అంటే 2:1. ఒకటోదే సరిపోయింది, ఆ 30 కిలోలు ఊరికే పెట్టిన ఎర. అదే '48 రూపాయల రకం ఎన్ని కిలోలు?' అని అడిగితే మాత్రం రెండూ కావాలి. ఇంకోటి, 52 అనేది అమ్మిన ధర అయితే లాభ శాతం తెలియందే అలిగేషన్ (పైన చేసినట్టు ధరల తేడాలతో నిష్పత్తి తీయడం) మొదలుపెట్టకూడదు.

పాలెన్ని లీటర్లు అన్న ప్రశ్నకి, పాలు నీళ్లు 3:2 అని ఒకటోది, నీళ్లు 40 శాతం అని రెండోది ఇచ్చారనుకోండి. రెండూ ఒకే మాట. కలిపినా లీటర్లు రావు. '10 లీటర్ల మిశ్రమం తీసేశాక 3:2 ఉంది' అన్నా అంతే: తీసింది కలిసిపోయిన మిశ్రమాన్నే కాబట్టి నిష్పత్తి ఎటూ మారదు. తీసిన 10 లీటర్ల చోట నీళ్లు పోస్తే 1:1 అయిందంటే అది కొత్త సమాచారం. మొదటి 3:2తో కలిపితే పాత్రలో 60 లీటర్లని తేలిపోతుంది.

రెండో స్టేట్‌మెంట్ చదివేటప్పుడు ఒకటోదాన్ని వేలితో మూసేయండి. చిన్నపిల్లల పనిలా ఉన్నా, అందులోని 3:2 మనకు తెలియకుండానే ఇందులోకి వచ్చేస్తుంది.

అన్నిటికంటే మోసం చేసేది పూర్ణాంకాల షరతు. ఒకాయన 48, 60 రూపాయల కిలో ప్యాకెట్లు కొన్నాడు. 48వి ఎన్ని? ఒకటోది: మొత్తం ఖర్చు 276. రెండోది: మొత్తం 5 ప్యాకెట్లు. రెండు తెలియని రాశులకి రెండు సమీకరణాలు కావాలి కదా అని 'రెండూ కలిస్తేనే' గుర్తిస్తాం. కానీ 48, 60, 276 మూడింటినీ 12తో భాగిస్తే 4, 5, 23 వస్తాయి, అంటే 4, 5ల గుణిజాలు కలిసి 23 కావాలి. ప్యాకెట్లు ముక్కలు చేయలేం కాబట్టి 8, 15 తప్ప దారి లేదు: 48వి 2, 60వి 3. ఒకటోదే చాలు. విడి బియ్యమైతే ఈ కిటుకు చెల్లదు. ప్యాకెట్లు, సీసాలు, నాణేలు అన్న మాట కనబడితే ఒక్క క్షణం ఆగండి.

బ్యాంకు పరీక్షలు కూడా రాసేవాళ్లు ఆప్షన్ల వరుస బట్టీ పట్టకండి, పరీక్షను బట్టి అది మారుతుంది. ప్రశ్నలకు పైనున్న సూచన చదివాకే గుర్తించండి. బ్యాంకు పరీక్షల్లో తప్పుకి పావు మార్కు పోతుంది. ఐసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి తేలని ప్రశ్నకి కూడా ఏదో ఒకటి గుర్తించి ముందుకెళ్లండి.