సాయంత్రం తల తేలికపడాలంటే వంద గ్రాముల మల్లెమొగ్గలు

ఆఫీసు నుంచి రాగానే సోఫాలో కూలబడి ఫోన్ పట్టుకుంటే గంట గడిచిపోతుంది, టెన్షన్ మాత్రం అలాగే ఉంటుంది. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఫోన్ వేరే గదిలో పెట్టేసి పూలు కట్టుకుంటున్నాను.

దారిలో వంద గ్రాముల విడిమొగ్గలు తెచ్చుకోండి. ఒత్తుగా కడితే రెండు మూరల దాకా వస్తుంది, కట్టిన పూలు కొనడం కంటే చవక కూడా. అరటినార అయితే పది నిమిషాలు నీళ్లలో నాననివ్వాలి, మామూలు దారమైతే తడిపితే చాలు. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, కాడలు మధ్యలో కలిసేలా పెట్టి దారం ఒక చుట్టు తిప్పండి. తర్వాత ఉచ్చు వేసి, కాడ తెగకుండా బిగించండి. మొదటి రెండు రోజులూ నా దండ మధ్యలోనే ఊడిపోయింది. మూడో రోజుకి వేళ్లకి అదే అలవాటైంది. అరగంటలో అయిపోతుంది, ఆ అరగంటా మనసు ఇంకోచోటికి పోదు. కట్టినదాన్ని తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున పూజకి పనికొస్తుంది.

ఒక్కటే జాగ్రత్త, మొగ్గలు విచ్చుకోకముందే కూర్చోవాలి. చీకటిపడ్డాక విచ్చుకున్న పూలతో మొదలుపెడితే రెక్కలు రాలి ఇంకా చిరాకొస్తుంది. అప్పుడు సూదీదారంతో గుచ్చుకోవడమే. ఇక పెళ్లికో పేరంటానికో టైమైపోతుంటే మాత్రం కట్టిన పూలే కొనుక్కోండి.