పాత గేమ్ కన్సోల్ ఇచ్చేసే ముందు

పాత కన్సోల్‌ను అమ్మేస్తున్నా, ఎవరికైనా ఇచ్చేస్తున్నా, దానిలోని సమాచారం చెరిపేయడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. డౌన్‌లోడ్ చేసి కొన్న ఆట డిస్కులాగా చేతికొచ్చే వస్తువు కాదు. మీ ఖాతాకు దొరికిన అనుమతి, అంతే. ఆ ఖాతాకు సొంత కన్సోల్‌గా ఏదో ఒకటే నమోదై ఉంటుంది. ఇంటర్నెట్ లేకున్నా ఆటలు తెరుచుకునేదీ, ఇంట్లో మిగతావారు తమ ఖాతాలతో మీ ఆటలు ఆడగలిగేదీ ఆ కన్సోల్‌లోనే.

ప్లేస్టేషన్ 5 అయితే సెట్టింగ్స్‌లో ‘కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే’ను పాతదానిలో ఆపేసి, కొత్తదానిలో ఆన్ చేయండి. ఎక్స్‌బాక్స్‌లో దీని పేరు ‘హోమ్ ఎక్స్‌బాక్స్’. ఏడాదికి 5 సార్లే మార్చనిస్తారు కాబట్టి, స్నేహితుల ఇంటికి వెళ్లినప్పుడల్లా మార్చి ఆ అవకాశాలు ఖర్చు చేసుకోకండి. అక్కడ మీ ఖాతాతో లాగిన్ అయి ఆడితే చాలు.

నింటెండో స్విచ్ దారి వేరు. డౌన్‌లోడ్ చేసి కొన్న ఆటలు ఇందులో తెరమీది కార్డుల్లా కనిపిస్తాయి. 2025లో వచ్చిన ఈ వర్చువల్ గేమ్ కార్డులను కుటుంబ గ్రూపులోని వారికి 14 రోజులు అరువివ్వవచ్చు. అన్నాళ్లూ ఆ ఆట మీకు ఉండదు. గడువు తీరగానే దానంతట అదే తిరిగొస్తుంది. పుస్తకాలు అరువిచ్చి పోగొట్టుకున్న నాలాంటివాళ్లకు అదొక ఊరట.